అల్పమూల్యము, అపరిగ్రహము

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పగలెల్ల పోటీపరీక్షలకు చదివి, రాత్రి అశోక్‌నగర్ హాస్టలు గదిలో గడియసేపు వీడియోగేము ఆడుకొను విద్యార్థి, చౌక కంట్రోలరు కొనుటయే నిరాడంబరతయని తలంచుట సహజము. కాని అట్టి కంట్రోలరు స్టిక్కును త్రిప్పినప్పుడెల్ల లోపలి సన్నని లోహపు రేకు కర్బనపు పట్టీని రాచి రాచి అరుగదీయగా, కొంతకాలమునకు వ్రేలు తాకకున్నను తెరమీది బొమ్మ తనంతట ప్రక్కకు జరుగును; అప్పుడు మరియొకటి కొనవలసివచ్చును. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ధర్మము ననుసరించి అయస్కాంతముతో పనిచేయు స్టిక్కుల సెన్సరులో ఆ రాపిడి లేదు, ధర మాత్రము తరచు హెచ్చు.

పతంజలి యమములలో చేర్చిన అపరిగ్రహము తక్కువ వెచ్చించుటయా, తక్కువ వస్తువులను కూడబెట్టుటయా? రెండవదియే యని నా దృఢవిశ్వాసము. అయినను ఇంటినుండి వచ్చు సొమ్ముతో నెల గడుపుకొను పిల్లవానికి మేలైనదే కొనుమని చెప్పుటకు నాకు నోరాడదు. అప్పుచేసి కొనుటకంటె, నారాయణగూడలోని మిత్రుని గదికి నడచిపోయి, అతని కంట్రోలరుతో వంతులవారీగా ఆడుకొనుటయే ఆ యమమునకు మరింత చేరువ.