చుట్టుదారిలో సాహసం

సాహసం అనే మాటను నేడు మనం ప్రశంసగానే వాడుతున్నాము. టెన్సింగ్ నార్గే పేరిట కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ పురస్కారం సాహస పురస్కారమే. కాని మన ధర్మశాస్త్రకారుల ఎదుట ఈ మాట పలికితే వారికి స్ఫురించేది న్యాయస్థానం. మనువు లెక్కించిన పద్దెనిమిది వివాదపదాలలో సాహసం ఒకటి. ఎదుట నిలిచి, బలాన్ని నమ్ముకొని చేసే అపరాధానికి అది పేరు. చాటుగా చేస్తే చౌర్యం, బాహాటంగా చేస్తే సాహసం. అదే సంస్కృతంలో విక్రమార్కునికి సాహసాంకుడనే బిరుదూ ఉన్నది గనుక, ఆ మాటకు ఆనాడే రెండు ముఖాలున్నాయనుకోవాలి. ఆ రెండింటి నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న ఈమధ్య ఒక కొండదారి పటం ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు నన్ను మళ్ళీ పట్టుకున్నది.

ఆ దారి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఆస్పెన్ పట్టణానికి చేరువలో ఉన్నది. మరూన్ బెల్స్ అనే ఎర్రని జంట శిఖరాలను చుట్టి, నాలుగు కనుమలు దాటి, బయలుదేరిన సరస్సు వద్దకే తిరిగి చేరుతుంది. నాలుగు కనుమల చుట్టు అనే అర్థంలోనే దానిని అక్కడివారు ఫోర్ పాస్ లూప్ అంటారు. పొడవు సుమారు 45 కిలోమీటర్లు. నాలుగు కనుమలూ 12,400 అడుగులకు పైబడినవే. ఎక్కిన ఎక్కుళ్ళన్నీ కూడితే దాదాపు 8,000 అడుగులు. మన తూర్పు కనుమలలోని అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్ల లోపే ఆగిపోతాయి; అక్కడ బండి దిగే సరస్సుగట్టే 2,900 మీటర్ల ఎత్తున ఉన్నది. కనుమల మీద గాలి పీడనం సముద్రతీరంలో కంటె మూడో వంతుకు మించి తక్కువ. నేను ఆ కొండలు చూసినవాడిని కాను. పటాలూ, ప్రయాణికుల వృత్తాంతాలూ చూసి చెబుతున్న మాటలివి.

గుడారాలు మోసుకొని నడిచేవారు ఈ చుట్టును మూడు నాలుగు రోజుల్లో పూర్తిచేస్తారు. దీనినే ఒక్క పగటిలో పరుగున ముగించేవారున్నారు. గట్టి పరుగరులు కొందరు అయిదు గంటలలోపే తిరిగివచ్చారు. వీరి వీపున చిన్న సంచి, అందులో కొంచెం నీరు, కొంత తినుబండారం, మడిస్తే పిడికిట్లో ఇమిడే పలుచని వానకోటు. అంతే. గుడారం లేదు, కంబళి లేదు. బరువు తగ్గితేనే వేగం. వేగంగా వెళ్ళేవాడు ప్రమాదస్థలంలో తక్కువసేపు ఉంటాడు గనుక వేగమే రక్షణ అని వారి వాదం. ఈ వాదంలో నిజం లేకపోలేదు. కాలు మడతపడేవరకు అది నిజం.

జూలై, ఆగస్టు నెలలలో ఆ పర్వతాల మీద మధ్యాహ్నం ఉరుములు నిత్యకృత్యం. చెట్లు పెరిగే ఎత్తు దాటిన తరువాత కనుమ మీద మనిషే ఎత్తయిన వస్తువు. మిట్టమధ్యాహ్నానికి ముందే దిగిపోవాలన్నది అక్కడి పెద్దల నియమం. శిఖరానికి ఎక్కి అదే దారిన దిగేవానికి ఈ నియమం పాటించడం సులువు. మబ్బు కనిపించిన క్షణాన వెనుదిరిగితే వేసే ప్రతి అడుగూ అతణ్ణి ఇంటికి చేరుస్తుంది. అతని దారిలో ఆశ ఒకవైపు, క్షేమం మరొకవైపు స్పష్టంగా విడివిడిగా నిలుస్తాయి.

చుట్టుదారి అలాంటిది కాదు. రెండు కనుమలు దాటి ఫ్రావర్ట్ లోయలోకి దిగిన మనిషిని ఊహించండి. వెనుక రెండు కనుమలు, ముందు రెండు కనుమలు. వెనక్కు మళ్ళినా ముందుకు సాగినా శ్రమ ఇంచుమించు ఒక్కటే. అప్పుడు అతడు ముందుకే వెళతాడు. ఎందుకు వెళ్ళావని అడిగితే అదే ఇంటిదారి అంటాడు. నిజమే, కాని అదే అతని కోరిక కూడా. ఆశా క్షేమమూ ఒకే దిక్కు చూపే చోట మనిషి తనను తాను పరీక్షించుకొనే అవకాశమే లేకుండా పోతుంది. పైగా ప్రాణవాయువు పలుచబడిన ఎత్తులో కాళ్ళకంటె ముందు అలసిపోయేది వివేకం. తన వివేకం అలసిందని తెలుసుకోవలసిందీ ఆ వివేకమే! కనుక చుట్టుదారిలో తప్పు జరిగేది పిడుగు పడిన కనుమ మీద కాదు. ఎంతో ముందు, తెల్లవారుజామున, ఒళ్ళు తేలికగా ఉండి ఆకాశం నిర్మలంగా ఉన్న మొదటి ఎక్కుడులో జరుగుతుంది. ఆ వేళ తప్పు తప్పులా కనిపించదు.

మన దేశస్థులకు చిరపరిచితమైన మరొక చుట్టుదారి ఉన్నది. కైలాస ప్రదక్షిణ 52 కిలోమీటర్లు. అందులోని డోల్మా కనుమ ఎత్తు సుమారు 5,630 మీటర్లు. హిందువులూ బౌద్ధులూ దానిని కుడివైపుగా, బోన్ మతస్థులు ఎడమవైపుగా చుడతారు. టిబెట్ భక్తులలో అనేకులు ఈ దూరాన్ని ఒక్క రోజులోనే నడిచేస్తారు. మన యాత్రికులకు మూడు రోజులు. 2020 నుంచి ఆగిపోయి 2025లో తిరిగి మొదలైన ఈ యాత్రలో వైద్యపరీక్ష ఢిల్లీలో ఒకసారి, లిపులేఖ్ దారిన వెళ్ళేవారికి ఎత్తు మీద గుంజిలో మరొకసారి జరుగుతుంది. రక్తపోటు హద్దు దాటితే ఎంతటి భక్తుడైనా అక్కడినుంచి వెనుదిరగవలసిందే. ఏళ్ళ తరబడి కన్న కల అలా ఒక వైద్యుని సంతకంతో ముగిసిపోవడం కఠినమైన విషయం. అయినా ఆ కఠినత్వంలో ఒక కరుణ ఉన్నది. యాత్రికుణ్ణి తనకు తానే న్యాయాధిపతి అయ్యే భారంనుంచి అది తప్పిస్తుంది. కొలరాడో పరుగరికి ఆ వెసులుబాటు లేదు. అతణ్ణి ఆపేవారెవరూ లేరు. ఉండాలని నేను కోరడమూ లేదు. ప్రతి కనుమ వద్దా ఒక ఉద్యోగిని నిలబెట్టే రాజ్యం పౌరులను పెద్దవారు కానివ్వదు. ఈ పత్రిక పాఠకులలో కొందరు నాతో విభేదించవచ్చును.

నా ప్రాణం, నా ఇష్టం అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. కాని కొలరాడోలో కొండల్లో తప్పిపోయినవారిని వెదికే బాధ్యత ఆయా జిల్లాల షెరీఫులది. వెదికేవారు మాత్రం చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పగలు తమ పనులు చేసుకొని, పిలుపు వస్తే రాత్రివేళ తాళ్ళు భుజాన వేసుకొని బయలుదేరుతారు. రక్షించినందుకు రుసుము అడగరు. పరుగరి సంచి ఎంత తేలికో, అవసరమైన రాత్రి వారి భుజాల మీది బరువు అంత పెరుగుతుంది. అతడు గుడారం మోయలేదు. తన గుడారాన్ని ముక్కూముఖం తెలియనివారి ఇళ్ళలో దాచి వచ్చాడు.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండపరుగు పోటీలో 172 మంది పాల్గొన్నారు. వడగళ్ళు, మంచువాన, పెనుగాలి ఒక్కసారి విరుచుకుపడి 21 మంది చలికి ప్రాణాలు విడిచారు. గాలిని ఆపే కోటు తప్పనిసరి వస్తువుల పట్టికలో లేదు. అది నిర్వాహకుల లోపమే, సందేహం లేదు. అయితే ఆ రోజు ఆరుగురిని బతికించినది గొర్రెలు కాచుకొనే ఒక మనిషి. గుహలో నిప్పు రాజేసి వారిని లోపలికి చేర్చాడు. అతడు ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. అతని సాహసాన్ని ఏ ధర్మశాస్త్రకారుడూ మొదటి అర్థంలో చదవలేడు.

ఇంతవరకు వచ్చి ఒక తెలుగువాని పేరు తలవకపోవడం సబబు కాదు. నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో దేహం దొరికింది. అర్జెంటీనా, చిలీ దేశాల వైపునుంచి గాలింపు సాగింది. అతని సామర్థ్యాన్ని తూచే అర్హత మైదానంలో కూర్చున్న నాకు లేదు. కాని వెదికినవారిని గురించి మనం ఎంత తక్కువ మాట్లాడుకున్నామో అన్న ఆలోచన మాత్రం పీడిస్తుంది.

మరి ఎవరూ కొండకు పోరాదా? జాలరి సముద్రం మీదికి పోతున్నాడు కదా, అతనికోసమూ పడవలు వెదుకుతాయి కదా అని అడగవచ్చును. జాలరిది జీవిక, పరుగరిది వినోదం అని కొట్టిపారేయడం నాకు రుచించదు. పొట్టకూటికి చేసేది మాత్రమే ధర్మమైతే పాట ఎందుకు, శిల్పం ఎందుకు? పరుగుకూ తన హక్కు ఉన్నది. నేను అడిగేది వేరు. పరుగు మొదలుపెట్టినవాడు దానిని సగంలో వదులుకోవడానికి ముందుగానే సిద్ధపడ్డాడా?

ఫ్రావర్ట్ లోయలో రెండే దారులన్నాను. అది పూర్తి నిజం కాదు. మూడవది ఉన్నది. ఏటివెంట దిగువకు నడిస్తే లెడ్ కింగ్ లోయ, ఆపైన క్రిస్టల్ అనే పాడుపడ్డ గనుల ఊరు, ఆపైన మార్బుల్. వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకానికి పాలరాయి ఇచ్చిన ఊరు అది. ఆ దారిలో కనుమలు లేవు. కాని వలయం పూర్తి కాదు. బండి పర్వతం అవతల సరస్సుగట్టున ఉండిపోతుంది. ఎవరినో ఫోనులో బతిమాలుకోవాలి, కొండలన్నిటినీ చుట్టి రోడ్డు మీద దూరం పోవాలి, ఆ సాయంత్రం మిత్రులకు చెప్పుకోవడానికి ఏ లెక్కా మిగలదు. పదకొండు గంటలవేళ, పడమట మబ్బు కమ్ముతూ ఉండగా, కాళ్ళలో ఇంకా సత్తువ ఉన్న మనిషి ఆ దారి మళ్ళే చోట ఒక్క నిమిషం నిలబడతాడు. మొదటి ఉరుము ఇంకా వినబడలేదు.