ఎవరి ఖర్చున నేర్చుకున్నాం?

ఆవకాయ పెట్టటంలో చెయ్యి తిరిగిన ఇల్లాలిని కొలతలు అడిగి చూడండి. "ఏముందమ్మా, ముక్కలు ఇన్నయితే కారం ఇంత, ఆవపిండి ఇంత, ఉప్పు ఇంత" అని గడగడా ఒప్పజెప్పేస్తుంది. మనం ఇంటికొచ్చి అక్షరం పొల్లుపోకుండా అలాగే కలుపుతాం. ఆ రుచి రాదు. "ఏదో దాచేసింది, కావాలనే చెప్పలేదు" అని నలుగురిలో అనేస్తాం కూడా. పాపం, ఆవిడ దాచిందేమీ లేదు. కాయ తుడిచిన గుడ్డలో తడి వుండిపోయి ఒక ఏడు జాడీ అంతా బూజు పట్టిందనీ, లేతకాయ కొన్నందుకు ఇంకో ఏడు ముక్క మెత్తబడి పెరట్లో పారబోసిందనీ చెప్పలేదు, అంతే. పారబోసిన జాడీల లెక్క ఎవరు చెప్పుకుంటారు?

వంటింటి విద్య కనక సరిపోయింది. పోయింది ఆవిడ కాయలు, ఆవిడ నూనె. చెప్తే చెప్తుంది, లేకపోతే లేదు, ఆవిడ ఇష్టం. కాని పిల్లలకు చదువు చెప్పే మనిషి విషయంలో కూడా ఇలాగే అనుకుని వూరుకోవచ్చునా? పదేళ్ళు బల్లల మధ్య తిరిగి ఒక టీచరు సంపాదించుకున్న నేర్పు ఆమె సొంత ఆస్తేనా, లేక సాటి టీచర్లకు అందులో హక్కేమైనా వుందా? ఈ ప్రశ్న కొన్నాళ్ళుగా నన్ను పట్టుకుని వదలటం లేదు. దీన్ని నా నెత్తికి తగిలించింది మా చిన్న ఆడబిడ్డ.

తను మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో టీచరు. మా అత్తవారింట్లో పెద్దవాళ్ళకి మహబూబాబాద్ అంటే అర్థం కాదు, మానుకోట అనాలి. 2016 దసరానాడు పాత వరంగల్లు జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు చేశారు గదా, అప్పటిదాకా ఒకే జిల్లా వాళ్ళమనుకున్న టీచర్లు తలా ఒక దిక్కయ్యారు. (భూపాలపల్లికి ఆచార్య జయశంకర్ గారి పేరు పెట్టారు. పాఠాలు చెప్పిన మనిషి పేరు ఒక జిల్లాకే పెట్టటం నాకు ఇప్పటికీ ముచ్చటగా వుంటుంది.)

తండాలో చేరిన మొదటి సంవత్సరం ఒకటో తరగతి పిల్లలు నోరు విప్పలేదట. "గోడకు చెప్పినట్టే చెప్పిన వదినా. ఏందడిగినా బిత్తర బిత్తర చూసుడే. మొద్దు పిల్లలు నా పాలిట పడ్డరనుకున్న" అంది. ఏడాది చివర్లో, అదీ మిరపకాయ ఏరటానికి సగంమంది పోయి బడి పలచబడినప్పుడు, ఐదో తరగతి పిల్ల ఒకతి వచ్చి ఒకటో తరగతి వాళ్ళతో లంబాడీలో ఏదో అంది. అంతే, గదిలో గోల! అప్పటిదాకా నిద్రపోతున్నట్టున్న పిల్లలందరికీ మాటలొచ్చేశాయి. గోడమీద చూస్తే 'అ' పక్కన అమ్మ బొమ్మ. ఆ పిల్లలకి ఇంట్లో అమ్మ లేదు, 'యాడి' వుంది. నీళ్ళు లేవు, 'పాణి' వుంది. తెలియని భాషలో తెలియని అక్షరాలు నేర్పుతూ, పిల్లలకి తెలివి లేదనుకుంటున్నది ఈ తల్లి!

అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒక గడిలో పాఠంలో వచ్చే తెలుగు మాట, పక్క గడిలో తెలుగు లిపిలోనే లంబాడీ మాట, మూడో గడిలో ఆ మాట ఎక్కడ వినపడుతుందో. ఇంట్లోనా, చేలోనా, ఆటలోనా అని. రెండేళ్ళలో పుస్తకం నిండింది. ఆ తరవాత చేరిన పిల్లలు దసరా సెలవులకి ముందే గలగల్లాడుతున్నారట. దీన్ని తను కనిపెట్టిన కొత్త విద్యగా చెప్పుకోనక్కర్లేదు. వుమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే లంబాడీ, కోయ, గోండి మొదలైన ఎనిమిది భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు తయారుచేశారు. ఆ భాషలు ఇంట్లో మాట్లాడే టీచర్లే కూచుని రాశారు వాటిని. అవి అన్ని తండాలకీ చేరలేదు. చేరనిచోట ఎవరి పుస్తకం వాళ్ళు మళ్ళీ మొదటినుంచీ రాసుకోవలసిందే.

ఇలా ఎవరికి వాళ్ళు మొదటినుంచీ మొదలుపెట్టకూడదనే గదా పెద్దలు ఎప్పటినుంచో తంటాలు పడుతున్నది. 1966 లో కొఠారీ కమిషన్, ఏ బడికి ఆ బడి ఒంటరిగా పడి వుండకూడదు, చుట్టుపక్కల బడులన్నీ ఒక హైస్కూలుతో జత కూడాలి అంది. స్కూల్ కాంప్లెక్స్ అనే మాట అప్పటిది. 1984 లో బ్రిటన్ సాయంతో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా పెద్ద ఎత్తున నడిచిన 'అప్పెప్' పథకం కొన్ని బడులకి కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం పెట్టింది. టీచర్లు అక్కడ కలుసుకుని, తాము తయారుచేసుకున్న బొమ్మలూ పుల్లలూ గింజలూ తెచ్చి చూపించుకోవాలి. ఆ తరవాత వచ్చిన డి.పి.ఇ.పి. లో మొదటి అయిదు జిల్లాల్లో మన వరంగల్లు ఒకటి. గదులు కట్టారు, కుర్చీలు వేశారు, రోజు కేటాయించారు. కలుసుకునే చోటు లేకపోవటం ఇప్పుడు సమస్య కాదు. కలుసుకుని ఏం చెప్పుకుంటారన్నదే.

కాంప్లెక్స్ మీటింగులో మా ఆడబిడ్డని మాట్లాడమన్నారు. నోటుపుస్తకం చూపించింది, ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి చదివించింది. చప్పట్లు. జిరాక్సు కావాలని అరడజను మంది అడిగారు. అప్పుడు రిటైర్మెంటుకి ఏడాది మిగిలిన ఒక పెద్దావిడ లేచి, "మంచిగున్నది బిడ్డా. గని ఆ మొదటేడు పిల్లలేమైన్రు?" అంది.

ఆ ఆదివారం హనుమకొండలో మా ఇంటికి వచ్చి ఏడ్చినంత పని చేసింది ఈ అమ్మాయి. "గంతమంది ముంగట గట్ల అడుగుతరా వదినా? మొఖం మాడిపోయింది నాకు." నేను టీ పెట్టి చేతికిచ్చి వూరుకున్నాను. పైకి అనలేదు గాని, ఆ ప్రశ్న న్యాయమైనదే అనిపించింది.

ఎందుకంటారా? ఆ నోటుపుస్తకం పుట్టటానికి ఖర్చయిందేమిటో చూడండి. కాగితం, సిరా, మా ఆడబిడ్డ సాయంత్రాలు, నిజమే. వాటితోపాటు పద్దెనిమిది మంది పిల్లల ఒకటో తరగతి కూడా. టీచరు నేర్చుకున్న ప్రతి కిటుకు వెనకాల, ఆ కిటుకు తెలియనప్పుడు ఆమె ముందు కూచున్న పిల్లలున్నారు. వాళ్ళు ఫీజు కట్టారు. వాళ్ళనెవరూ అడక్కుండానే కట్టించుకున్నాం. మరి అలా వచ్చిన విద్యని నాది అని బీరువాలో పెట్టుకుంటే న్యాయమా? పక్క తండాలో కొత్తగా చేరిన టీచరు మరో పద్దెనిమిది మందిని ఖర్చుపెట్టి అదే పాఠం కొత్తగా నేర్చుకోవాలా? ఇవ్వటం ఔదార్యమని మనం మెచ్చుకుంటాం. నాకు అది బాకీ తీర్చటంలా కనిపిస్తోంది.

జనగామ దగ్గర పెంబర్తి వుంది చూడండి, ఇత్తడి రేకుల మీద నగిషీలకి పేరుపడ్డ వూరు. అక్కడ పని నేర్చుకునే కుర్రవాడు పెద్దవాడి పక్కనే కూచుంటాడు. దెబ్బ ఎక్కువై రేకు చిరిగిపోవటం కూడా కళ్ళారా చూస్తాడు. ఇక భూపాలపల్లి బొగ్గుగనుల్లో అయితే చూడటం, చూడకపోవటం మనిషి ఇష్టానికి వదలరు. డ్యూటీ అయి పైకొచ్చే సర్దారు, లోపల కప్పు ఎక్కడ వదులుగా వుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో పుస్తకంలో రాసి మరీ రావాలి. తరవాతి షిఫ్టువాళ్ళు దిగేది దాని కిందికే గదా! రెండో తరగతి నుంచి మూడో తరగతికి పిల్లలు మారేటప్పుడు అలాంటి పుస్తకం ఏదైనా చేతులు మారుతుందా? మార్కుల రిజిస్టరు మారుతుంది. టీచరు మాత్రం తలుపు దగ్గరగా వేసుకుని పాఠం చెప్తుంది. సాటి పనివాళ్ళ కంట పడకుండా జీవితమంతా పని చేసుకోగలిగే వృత్తులు చాలా తక్కువ.

అయితే ఇంకో పక్కన కూడా ఆలోచించాలి. చెప్పమనటం తేలికే. గదిలో పై అధికారి నోటుబుక్కు తెరుచుకుని కూచున్నప్పుడు "ఏడాదంతా తప్పు చెప్పాను" అని ఎవరంటారు? "మేడానికే రాదట" అన్న మాట సాయంత్రానికి వూళ్ళో పడుతుంది, జూన్ వచ్చేసరికి నలుగురు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కుతారు. ఆడవాళ్ళయితే ఆ మాట ఇంటిదాకా కూడా వస్తుంది. దీనికి తోడు సెప్టెంబరు 5 న ఇచ్చే అవార్డులొకటి. నేనేం సాధించానో నేనే దరఖాస్తులో రాసుకోవాలి. పారబోసిన జాడీలకి అందులో గడి వుండదు.

అందుకే నన్నడిగితే ఈ బాకీ ముందు తీర్చవలసినవాళ్ళు పెద్దవాళ్ళు, ఉద్యోగానికి భయం లేనివాళ్ళు. గుజరాతులో గిజుభాయి బధేకా తొంభై ఏళ్ళ కిందటే 'దివాస్వప్న' రాశాడు. మనకి 'పగటికల'గా తెలిసిన పుస్తకమే. అందులో మాస్టారు మొదటి రోజు పిల్లలచేత నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. వాళ్ళు అల్లరల్లరి చేసేస్తారు, బడి వదిలేసి ఇంటికి పంపించాల్సి వస్తుంది. కథ అక్కడినుంచి మొదలుపెట్టాడు గనకే టీచర్లు ఆ పుస్తకాన్ని నమ్మారనుకుంటాను. జపానులో ఇంకో పద్ధతి. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్ళు గది వెనకాల నిలబడి పిల్లల్ని గమనిస్తారు. పాఠం తన్నిందనుకోండి, తన్నింది అందరి పాఠం. చెప్పినావిడ ముఖం మాడక్కర్లేదు.

మన పెద్దావిడ జపాను సంగతి విన్నదో లేదో గాని, ప్రశ్న అడిగి కూచోలేదట. మా ఆడబిడ్డ కోపం చల్లారి రెండో కప్పు టీ తాగాక గాని ఈ ముక్క చెప్పలేదు. ఆవిడ పదకొండేళ్ళు తీసివేతల్లో "పై అంకె చాలకపోతే పక్కింట్ల అప్పు తెచ్చుకో" అని నేర్పిందట, మనందరికీ నేర్పినట్టే. పిల్లలు లెక్క సరిగ్గానే చేసేవాళ్ళు. ఒకరోజు ఒక పిల్లవాడు లేచి, "తెచ్చుకున్నం గద టీచర్, మల్ల ఎప్పుడిస్తం?" అన్నాడు. ఆవిడ దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ పిల్లలు పదిని విడగొట్టటం నేర్చుకోలేదనీ, అప్పు తెచ్చి ఎగ్గొట్టటమే నేర్చుకున్నారనీ అప్పుడు తెలిసింది. మర్నాడు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి తెచ్చింది. "పదకొండు బ్యాచిలు పోయినయి నా చేతిల" అని నలభై మంది ముందు చెప్పి కూచుందట.

ఆ తరవాత మధ్యాన్నం భోజనాల వేళ మించిపోయినా ఎవరూ లేవలేదట. ఒకాయన వత్తుల సంగతి, ఒకావిడ గడియారం సంగతి. అంతా బడిలో చెడినవే.

నోటుపుస్తకం జిరాక్సులు నాలుగు దిక్కులకీ పోయాయి. కొత్తగూడ వైపు కోయపిల్లల బడిలో పనిచేసే ఒకాయన మొన్న తెచ్చి చూపించాడట. లంబాడీ మాటలన్నింటి మీదా తెల్లకాగితం అంటించి, మూడు గడులూ మాత్రం అలాగే వుంచుకుని, కోయమాటలు రాయటం మొదలుపెట్టాడు. సగం పేజీలు ఇంకా ఖాళీయేనట.

"మరి ఆ పెద్దావిడకి జవాబు చెప్పావా?" అని అడిగాను.

"చెప్పిన వదినా, తర్వాత మీటింగుల" అంది, కప్పు కింద పెట్టి. "పద్దెనిమిది మందిల పదిహేను మంది నాలుగో తరగతిల వున్నరు. పొద్దుగాల ముప్పావుగంట ముందే రమ్మని కూసోబెట్టుకుంటున్న. ఒక పిలగాడు వాళ్ళ నాయినతోని హైదరాబాదుకు పోయిండు. ఇద్దరాడపిల్లలు బడి మానేసిన్రు. పోయిన అమాసకు వాళ్ళింటికి పోయిన. యాడి వున్నది గని, పిల్లలు మిరపచేన్లకు పోయిన్రు. మల్ల పోవాలె."