ఏమరుపాటును హింసయు

చెకుముకి తుపాకికి రంజకపు గిన్నె కుడివైపున నుండును; మీట నొక్కినంతనే రాయి ఉక్కుపలకను రాపాడి, రాలిన నిప్పురవ్వలు రంజకము నంటుకొనగా, ఆ జ్వాల సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందును చేరుచు, అదే క్షణమున వెలికిని చిమ్మి, వరుసలో కుడిప్రక్క నిలిచినవాని ముఖమును కాల్పగలదు. అతడు శత్రువు కాడు. అతని నొప్పింపవలెనను సంకల్పము లేశమును లేదు. అట్టి గాయము హింస యగునా?

జైనాచార్యుడగు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసాలక్షణమును నిరూపించుచు ఏమరుపాటును దానిలో నంతర్భాగముగ జేర్చెను. సంకల్పము లేకుండుట యొక్కటియే మనలను నిర్దోషులను జేయజాలదని నేనును దృఢముగ నమ్ముదును. అమెరికా స్వాతంత్ర్యసమర ఘట్టములను నేడు పునఃప్రదర్శించువారు, గుండు లేక వట్టి మందునే కాల్చుచున్నను, జ్వాలను మరల్చుటకై గిన్నె ప్రక్క ఇత్తడి రేకు నమర్చుటయు, కాల్చని వేళల ఉక్కుపలకకు తోలుతొడుగు వేయుటయు, పొరుగువాని దేహమును తమ బాధ్యతగ నెంచుటయే. రాయిని తోలుముక్కతో బిగించుట, రంధ్రమును సూదితో శుభ్రపరచుట తుపాకి తప్పక పేలుటకొరకు. అవియు నీ శ్రద్ధలోనివే, ఏలయన పేలక నిలిచిన మందు ఏ క్షణమున నంటుకొనునో యెవ్వరెరుగరు. అయినను, నిజమైన రణరంగమున ఎదుటివానికి గురిపెట్టినవాని విషయమున ఈ జాగ్రత్తను అహింస యని నేననజాలను. బుద్ధిపూర్వకముగ విడిచిన గుండు చేయు హింసను ఏ రేకును మరల్పలేదు.