తల్లిదండ్రులు అనే మాటలో తండ్రి ఎక్కడ?

పిల్లల పెంపకంలో తల్లిదండ్రులకి బడి ఎలా సాయపడగలదు అని అడిగితే జవాబులు సిద్ధంగా ఉంటాయి. సమావేశాలు పెట్టాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి, ఇంట్లో చదివించడం ఎలాగో నేర్పాలి. వీటి వెనక ఉన్న నమ్మకం ఒకటే: పెంచడం తెలియకపోవడమే సమస్య. ఎవరికి తెలియదంటారు? పేరు పెట్టి చెప్పకపోయినా మనందరికీ తెలుసు, తల్లికే.

నిజానికి చట్టం అలా అనలేదు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రులు, సంరక్షకులందరి బాధ్యత అని 2009 విద్యాహక్కు చట్టం పదో సెక్షన్ చెప్పింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలనీ 21వ సెక్షన్ చెప్పింది. అంటే తల్లికి అధికారంలో వాటా ఇచ్చింది. ఆచరణలో ఆమెకి దక్కింది జవాబుదారీతనం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి 15,000 రూపాయలు తల్లి ఖాతాలో వేసింది. అది చిన్న విషయం కాదు. కానీ దాని వెంటే 75 శాతం హాజరు షరతూ వచ్చింది. బిడ్డ బడికి పోకపోతే నష్టపోయేది తల్లి, లెక్క చెప్పాల్సింది తల్లి. తండ్రికి ఏ షరతూ లేదు.

మహానందిలో నిలబడి ఈ మాట ఆలోచిస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నల్లమల కింద ఏడాది పొడుగునా ఊరే నీరు, ఆ నీటితో పెరిగే అరటి తోటలు. తోట పనికి పోయే స్త్రీ తెల్లవారుతూనే ఇల్లు వదలాలి. అంగన్‌వాడీ, బడి తెరిచేది తొమ్మిదికి. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు గంటలు ఎవరివి? చంటిదాన్ని చంకనేసుకున్న పెద్ద కూతురివి. ఆ పిల్ల ఆలస్యంగా వస్తే బడి తల్లిని పిలిపిస్తుంది. ఆ పిలుపుకి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. ఈ తల్లికి తెలియనిది ఏముంది? లేనివి గంటలు.

పడమటికి పోతే ప్రశ్న ఇంకా కటువవుతుంది. కోసిగి, ఆదోని ప్రాంతాల కుటుంబాలు పత్తి, మిరప పనులకి గుంటూరు వైపు వలసపోతాయి. బిడ్డని వెంట తీసుకుపోతే చదువు మాన్పించిన తల్లి. ముసలి అవ్వ దగ్గర వదిలిపోతే బిడ్డని వదిలేసిన తల్లి. ఏది ఎంచుకున్నా నేరం ఆమెదే. వలస పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్ల విలువ ఇక్కడే ఉంది. వలస బండి కదలకముందే తెరిచిన హాస్టల్ ఆ తల్లికి వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ. బండి వెళ్లాక తెరిస్తే అది రిజిస్టరులో అంకె మాత్రమే.

చలం ‘బిడ్డల శిక్షణ’లో పెద్దలు పిల్లల మీద చెలాయించే అధికారాన్ని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న అవసరమైనదే. అయితే పిల్లలతో ఓపిగ్గా ఉండాలంటే ఓపిక మిగలాలి కదా! అది మిగలని స్త్రీల గురించి మనం అడగాల్సిన ప్రశ్న వేరు: పెంపకం ఒక్కరి పనిగా ఎందుకు మిగిలింది?

బడి ఆ పనిలో వాటా తీసుకున్నప్పుడే నిజంగా సాయపడింది. 2003లో మన రాష్ట్రంలో మొదలైన మధ్యాహ్న భోజనం తల్లి నెత్తి మీది ఒక పూట వంటని దించింది. దించి ఎవరి నెత్తిన పెట్టింది? మరో పేద తల్లి నెత్తిన. ఆ వంట చేసే స్త్రీల గౌరవ వేతనం 2019లో పెరిగాకే నెలకి 3,000 అయింది. ప్రేమ పేరుతో ఇంట్లో ఉచితంగా జరిగే శ్రమ, బడిలోకి వచ్చాక ‘గౌరవం’ పేరుతో చౌకగా జరుగుతోంది. పంచుకోవడం అంటే ఇది కాదు.

కాబట్టి బడిని మనం అడగాల్సినవి పెద్ద సిద్ధాంతాలేం కాదు. పొద్దున్నే పిల్లల్ని అప్పగించి పనికి పోగల చోటు. కూలి పోని వేళలో సమావేశం. హాజరు పట్టీ చూపడానికి తండ్రికి కూడా కబురు. కమిటీలో సంతకానికే కాక మాటకీ చోటు. ఇవి ఇవ్వని బడి మంచి తల్లి ఎలా ఉండాలో బోధించే హక్కుని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?