ముందు ఒకటి తెముల్చు తల్లీ

అమ్మాయ్,

నీ చేతిలో ఇప్పుడు ఆరు ప్రాజెక్టులున్నాయని మీ నాన్న ఫోన్లో మురిసిపోతూ చెప్పాడు. కొత్త డై, పాత లైన్‌లో మార్పు, రెండు ఫిక్చర్లు, పెయింట్ షాపు కన్వేయర్, పైగా కస్టమర్ కొత్త పార్టుకి ట్రయల్. ఆరూ మొదలైపోయాయట. సంతోషమే గానీ, ఆ చివరి మాట వినగానే నాకు బెంగ పట్టుకుంది.

నా ఉద్యోగమంతా బాలానగర్ టూల్ రూముల్లోనే గడిచింది. 1968లో టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ వచ్చిన చోటు అది, పనిమంతులకు కొదవ లేదు. పని చేతకాక ఆగిన ప్రాజెక్టులు నాకు పెద్దగా తగల్లేదు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల ఎక్కడి గొంగడి అక్కడే ఉండిపోయినవే ఎక్కువ.

ఒక్కసారి లెక్క వేసి చూడు. 4 వారాల చొప్పున పని ఉన్న ప్రాజెక్టులు మూడు, అన్నిటికీ కావలసింది ఒకే వీఎంసీ మెషీన్ అనుకో. వరసగా చేస్తే 4వ వారానికి ఒకటి, 8వ వారానికి రెండోది, 12వ వారానికి మూడోది అయిపోతాయి. అందర్నీ మెప్పించాలని వారానికొకటి మార్చి మార్చి చేశావా, మొదటిది 10వ వారానికి గానీ తెమలదు, రెండోది 11కి, మూడోది 12కి. మూడోదానికి కలిసొచ్చిందేమీ లేదు, మొదటి రెండూ ఆలస్యం. ఇందులో సెట్టింగ్ టైము కలపనే లేదు.

సగంలో ఉన్న జాబ్ దింపి అర్జెంటుది ఎక్కించమని ఒక్క మాట అనేసి మనం వెళ్లిపోతాం. ఈసారి వెళ్లకుండా మెషీన్ దగ్గరే నిలబడు. క్లాంపులు విప్పాలి, బెడ్ మీది చిప్స్ తుడవాలి, కొత్త జాబ్ పెట్టి డయల్ ముల్లు కదలకుండా నిలిచేదాకా మెల్లగా తట్టి సరిచేయాలి, ఆఫ్‌సెట్లు మళ్లీ తీసుకోవాలి. మర్నాడు పాతది ఎక్కించేటప్పుడు ఇదంతా మొదటికే. రిఫరెన్సు ఏ కాస్త తప్పినా పార్టు స్క్రాప్. అంత ఓపికగా చేసిన ఆపరేటర్ మొహం చూస్తే, ఇంకోసారి ఆ మాట అనడానికి నీకు నోరు రాదు.

గోల్డ్‌రాట్ ‘ద గోల్’ 1984లో వచ్చింది, తీరిక చేసుకుని చదువు. ఫ్యాక్టరీ వేగమంతా దానిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు మీదే ఆధారపడుతుందని నవలగా చెప్పాడు. మీ ప్లాంటులో ఆ ఇరుకు ఎక్కడుందో పట్టుకో. చాలాసార్లు అది మెషీన్ కాదు, మనిషి. పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే కుర్రాడో, సీఎంఎం దగ్గర కొలతలు తీసే ఆయనో అయివుంటారు. వాళ్లు ఎన్ని తెమల్చగలరో అన్నే మొదలుపెట్టు. మిగతావి కాగితం మీదే ఉండనీ.

బయటినుంచి రావలసినవి మాత్రం వేరు. కాస్టింగులు, బాల్ స్క్రూల వంటివి వచ్చేసరికి నెలలు పట్టొచ్చు. వాటి ఆర్డర్లు ముందే పెట్టెయ్, అదీ డ్రాయింగ్ ఖాయమయ్యాకే. కస్టమర్ సంతకం పడని డ్రాయింగ్ మీద డై స్టీలు కొయ్యనివ్వకు తల్లీ, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

రేపు మీ సారు ఏడోది ఇస్తారు, ఇవ్వక మానరు. కుదరదనకు, సరేనని తలా ఊపకు. ఆరింటి జాబితా ఆయన ముందు పెట్టి, “దీనికోసం వీటిలో ఏది ఆపమంటారు సార్?” అని అడుగు. ఆయన చెప్పింది ఆ సాయంత్రమే మెయిల్‌లో పెట్టు. ఇది ఎదురు చెప్పడం కాదు, ఆయనకు తెలియాల్సిన సంగతి తెలియజేయడం.

ఇక, ట్రయల్లో నాలుగు పార్టులు బాగా వచ్చాయని ఏ ప్రాజెక్టూ అయిపోయినట్టు రాసుకోకు. రెండో షిఫ్టు ఆపరేటర్ నీకు ఫోన్ చెయ్యకుండా వారం రోజులు నడిపించాలి, మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర డ్రాయింగులూ స్పేర్లూ ఉండాలి. అప్పుడు ఆ పేరు కొట్టేసి, కాగితం మీదున్న వాటిలోంచి ఇంకోటి కిందికి దించు.

మీ పెదనాన్న