లేని ఇంటికి ఆనవాలు

భారతీయ తర్కశాస్త్రం 'లేకపోవడాన్ని' సైతం ఒక పదార్థంగా లెక్కించింది. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ఏడు పదార్థాలలో చివరిదిగా అభావాన్ని పేర్కొని, దానిని నాలుగు విధాలుగా విభజించింది; వాటిలో, ఉన్న వస్తువు నశించాక ఏర్పడేది ప్రధ్వంసాభావం. దానికి ఆది ఉంది గాని అంతం లేదు, ఎందుకంటే పగిలిన కుండ మళ్లీ ఆ కుండ కాజాలదు.

మేడ్చల్, శామీర్‌పేటలకు చేరువలోని కీసరగుట్ట ఈ విచారణకు తగిన స్థలం. పురావస్తు శాఖ తవ్వకాలలో ఇక్కడ విష్ణుకుండిన రాజవంశపు కాలానివిగా గుర్తించిన ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని రాజనివాసానికి చెందినవని పండితుల భావన. నిలిచి ఉన్నవి గోడల అడుగు వరుసలే. ఇటుకలను జనం పెళ్లగించి తీసుకుపోయిన చోట గోడ ఉండదు, కాని గోడ వెడల్పున మరో రంగు మట్టి నిండి ఉంటుంది. పూడిపోయిన అగడ్త, అంటే కోట చుట్టూ తవ్విన నీటి కందకం, చాలాచోట్ల ఇలాగే నల్లని మెత్తటి పట్టీగా బయటపడుతుంది. ఇంగ్లండులో నీటి కందకాల నడుమ కట్టుకున్న మధ్యయుగపు భూస్వాముల ఇళ్లను గుర్తుపట్టేదీ కొన్నిచోట్ల ఈ జాడతోనే.

అభావాన్ని తెలుసుకోవాలంటే దాని ప్రతియోగి, అంటే ఏది లేదో ఆ వస్తువు, ముందుగా బుద్ధికి తెలియాలి. గుట్టంతా చెదరి ఉన్న శివలింగాలను చూసి, రాముడి లింగప్రతిష్ఠకు వాటిని తెస్తూ ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు కోపంతో విసిరినవని భక్తుడు అంటాడు. చరిత్రకారుడు అదే నేలపై ఒక రాజవంశాన్ని వెదుకుతాడు. ఇద్దరి ప్రతియోగులు వేరు గనుక ఒకరి మాట మరొకరి మాటను ఖండించదు. ఇటుకతో విశ్వాసాన్ని కొట్టివేయబూనడం ఎంత తప్పో, విశ్వాసం పేరిట ఇటుకను పూడ్చివేయడమూ అంతే తప్పు.

ఇక్కడి ఒక బండపై 'తొలుచువాన్ఱు' అని చెక్కి ఉంది. రాతిని తొలిచేవారని దాని అర్థం. తెలుగులో లభించిన అతిప్రాచీన లేఖనాలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. రాజు ఇల్లు పోయి, కూలికి రాయి చెక్కినవారి మాట మిగలడం కంటే ఆలోచింపజేసే సాక్ష్యం ఈ గుట్టపై మరొకటి లేదు.

ఇల్లు ఒకసారే నశిస్తుంది. అది ఉండేదని చెప్పే మట్టి పొర యంత్రం పారకు చెదిరితే, ఏది లేదో చెప్పే ఆధారం కూడా పోతుంది. శివరాత్రికి ఇక్కడి రామలింగేశ్వరుని దర్శించుకోవడానికి వచ్చే యాత్రికులు ఆ ఇటుక వరుసల దగ్గర కాసేపు ఆగాలి, వాటిపై కాలు మోపకుండా.