కారు కానుక

మూలవాక్యము: 2 సమూయేలు 24:18-25



కోతకాలపు పండుగనాడు మన గుడి ఆవరణములో జరుగు వేలము మీరందరు ఎఱిగినదే. ఒకరు గుమ్మడికాయ తెత్తురు, ఒకరు కోడిపుంజును తెత్తురు, ఒకరు సంచెడు వడ్లు తెత్తురు. ఆ కోడిపుంజును ఎవరును సంఘపు ఖర్చుతో మేపుచు కూర్చుండరు. పెద్దలు దానిని వేలమువేసి, వచ్చిన పైకమును సంఘపు లెక్కలో వ్రాయుదురు. ఈ సంగతి ముందుగా జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. పోయిన సంవత్సరము మాకు ఒక కారు కానుకగా రాబోయెను.

మా సంఘములో పుట్టి పెరిగి, ఇప్పుడు హైదరాబాదులోని టోలిచౌకిలో కాపురముండు ఒక సహోదరుడు దానిని తెచ్చెను. టోలిచౌకి గోలకొండ కోటకు దగ్గర. సినిమావారి ఫిల్మ్ నగర్, జూబ్లీ హిల్స్ కూడ అక్కడికి దూరముకావు. అటువంటి చోట ఖరీదైన కారు ఇంటిముందు నుండుట వింతకాదు. ఇతనిది ఆడి ఏ3. చూచుటకు చిన్నది, వెలకు పెద్దది. క్రొత్తది కొనుక్కొనినాడు గనుక ఈ పాతదానిని, మంచముపట్టిన రోగులను చూడబోవు మా నర్సమ్మగారి పనికి ఇత్తుననెను. "అమ్మితే ఎంతొస్తదయ్యగారూ? దేవుని పనికి తిరిగితే చాలు" అని అతని మాట.

నా సంగతి దాచను. నా మనస్సు ఉప్పొంగెను. నర్సమ్మగారికి పనిలేని దినములలో ఆ కారులో నేను డయాసిస్ కూటమునకు పోయినట్లును, తోటి పాస్టర్లు కిటికీలోనుండి చూచినట్లును ఊహించుకొంటిని. సెమినరీలో చదివి, ఇన్నేండ్లు పరిచర్య చేసినవానికి ఇట్టి ఊహ రాకూడదు. వచ్చెను.

మరునాడు మోకాళ్లనొప్పులుగల ఒక అవ్వను దానిలో ఆసుపత్రికి తీసికొనిపోతిమి. ఆ కారు సీటు నేలకు దగ్గర. అవ్వ ఎట్లో కూర్చుండెను గాని, దించుటకు ఇద్దరము పట్టి లేపవలసివచ్చెను. "ఏం బండి అయ్యగారూ, బాయిలకెల్లి తోడినట్టు తీస్తిరి నన్ను" అని అవ్వ నవ్వెను. తిరిగి వచ్చునప్పుడు చెరువుకట్ట దిగుచోట కారు అడుగు రాతికి గీసికొనెను. ఆ చప్పుడు విని సహోదరుని ముఖము వాడిపోయెను. ఆ కారుకు సామాను నగరమునుండియే తెప్పింపవలెనట. ఏటేట ఇన్సూరెన్సుకు ఎంతయగునో విని మా కోశాధికారి మాటాడక లేచిపోయెను.

ఆ రాత్రి దావీదు సంగతి చదివితిని. యెబూసీయుడైన అరౌనా తన కళ్లమును, ఎడ్లను, కట్టెలను ఊరకే ఇత్తుననగా దావీదు ఒప్పుకొనలేదు. తనకు వెలపడని బలిని దేవునికి అర్పింపనని చెప్పి, 50 తులముల వెండి ఇచ్చి కొనెను. ఈ కారు సంగతియో తలక్రిందులుగా నున్నది. ఇచ్చువానికి వెల లేదు. పుచ్చుకొను మాకు నెలనెల వెల. మలాకీ ప్రవక్త కుంటిదానిని, రోగముగలదానిని బలికి తెచ్చినవారిని గద్దించెను. ఆ సహోదరుని కారు కుంటిదని నేననను, అది చక్కగా పరుగెత్తును. మా దారిలో మాత్రమే కుంటిదగును.

దీనికి మన దేశములోనే ఒక మంచి సాక్ష్యమున్నది. 1964 డిసెంబరులో ఆరవ పౌలు పోపుగారు బొంబాయికి వచ్చినప్పుడు అమెరికా దాతలు ఆయనకు తెల్లని లింకన్ కారు నొకదానిని ఇచ్చియుండిరి. వెళ్లిపోవుచు ఆయన దానిని మదర్ థెరిసా గారికి ఇచ్చెను. ఆమె ఆ కారులో కలకత్తా వీధులు తిరుగలేదు. దానిని లాటరీలో పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠురోగులకొరకు ఆసన్సోల్ దగ్గర కట్టించుచున్న శాంతినగరమునకు వాడెను. లాటరీ నాకు నచ్చదు, మన సంఘపు పెద్దలును ఒప్పరు. అయినను, కారును చూడక కుష్ఠురోగిని చూచిన ఆ కన్ను మెచ్చదగినది. బర్నబా చేసినదియు ఇదే. పొలము అపొస్తలులకు వ్రాసియిచ్చి, మీరే దున్నుకొనుడని అతడు చెప్పలేదు. తానే అమ్మి, రూకలు తెచ్చి వారి పాదములయొద్ద పెట్టెను. అమ్ముటలోని తిరుగుడు, బేరము, తగ్గిన వెల చూచి కలుగు నొప్పి, ఇవన్నియు ఇచ్చువాడే భరించెను.

అమెరికాలోనున్న మన పిల్లలు, వాడిన కారును ధర్మసంస్థకు ఇచ్చుట అక్కడ మామూలని చెప్పుదురు. ఆ సంస్థలును తరచుగా దానిని అమ్మి సొమ్మే వాడుకొనును. దాతలు తమకు తోచిన వెల చూపి పన్ను తగ్గించుకొనుచుండగా, 2005 నుండి చట్టము బిగించిరి. 500 డాలర్లకు మించినచో సాధారణముగా సంస్థ అమ్మగా వచ్చినంతకే మినహాయింపు. మనదేశములో వస్తువుగా ఇచ్చిన దానమునకు ఆదాయపు పన్నులో మినహాయింపు లేనేలేదు.

ఇంకొక మాట. ఇది ప్రసంగములో చెప్పదగినదా అని కొందరందురు; చెప్పదగినదే. కారు ఇచ్చుటయనగా తాళపుచెవి చేతిలో పెట్టుట కాదు. ఆర్.సి.లో పేరు మారనియెడల, ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత పేరున్న పాత యజమానిదేనని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను. కాబట్టి అమ్మినను, దానమిచ్చినను, అదే రాష్ట్రములోనైతే 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెను. 29, 30 ఫారములు నింపవలెను. బ్యాంకు అప్పు తీరియుండినచో 35వ ఫారముతో ఆ మాట కొట్టివేయింపవలెను. ఇన్సూరెన్సు క్రొత్త పేరునకు మారవలెను, చలానాలు కట్టవలెను, ఫాస్టాగు మూయింపవలెను. మేలుచేయబోయి పదిమందిని కోర్టుకు తిప్పుట మేలుకాదు.

ఇవన్నియు ఆ సహోదరునితో చెప్పుటకు నాకు మూడు దినములు పట్టెను. నొచ్చుకొనునేమో, గుడికి రాడేమో అని భయము. "తమ్ముడూ, నీ కానుక మాకు వలయును, నీ కారు మాకు వద్దు" అని తుదకు చెప్పితిని. చాలసేపు అతడు మాటాడలేదు. "మా బాపు ఆబోతును గుడికి ఇడిసినప్పుడు కూడా పెద్దలు ఇట్లనే అంగట్ల అమ్మమన్నరు" అని నవ్వెను, గాని కన్నులలో నీరుండెను.

అమ్ముటకు అతనికి రెండు నెలలు పట్టెను. అనుకొనినదానికంటె తక్కువే వచ్చెను; దానిలో పైసా తగ్గింపక చెక్కు తెచ్చెను. ఆ సొమ్ముతో మా ఊరి ఆటో ఒకదానిని వారమునకు రెండు దినములు నర్సమ్మగారికి కుదిర్చితిమి. మంగళవారము, శుక్రవారము ఆమె పోవుచున్నది. ఆటో కూడ కొంచెము ఎత్తేనని అవ్వ సణుగుచున్నది. దానికి ఇనుప మెట్టొకటి వేయించవలసియున్నది.